గడప దాకా వచ్చిన ప్రభుత్వానికి, గడప దాటలేని పెద్దల తరఫున

కడప జిల్లా పాలనాధికారులకు, నగరపాలక పెద్దలకు, వైద్య ఆరోగ్య శాఖకు, ఆర్టీసీ అధికారులకు, వృద్ధులున్న ప్రతి ఇంటివారికి

విషయం: ఇల్లు కదలని వృద్ధులకు నడక, నలుగురి సాంగత్యం అందేలా ఏర్పాట్లు చేయాలని కోరుతూ.

ఆర్యా, నమస్కారములు.

నేను తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి విరమించినవాణ్ణి. అందులో సగానికి పైగా కాలం ఈ నగరంలోనే బీటు తిరిగిన పోస్ట్‌మ్యాన్‌ను. ఏ ఇంటి గడప ఎంత ఎత్తుంటుందో, ఏ ఇంటి అవ్వ మనియార్డరు కోసం ఎన్ని గంటల నుంచి అరుగు మీద కాచుకుని ఉంటుందో తెలిసే ఉద్యోగం అది. ఇప్పుడు ఉదయం పూట అవే వీధుల్లో నడుస్తుంటే ఒక సంగతి మనసును పట్టి లాగుతోంది. ఆ మనుషుల్లో చాలామంది ఆ ఇళ్లలోనే ఉన్నారు, కానీ వీధిలో ఒక్కరూ కనబడరు. అరుగులు కూడా లేవు. రోడ్డు పైన రోడ్డు వేసి ఎత్తు పెంచినప్పుడు కొన్ని పూడిపోయాయి, కాలువలు కట్టినప్పుడు మిగిలినవి కూలగొట్టారు.

ఈ విషయమై మా వీధివాళ్లం సంతకాలు చేసి ఏడాదిన్నరలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాము. మేము అడిగింది పెద్దదేమీ కాదు. పేటలోని ఉద్యానం గేటు ఉదయం ఐదున్నరకే తెరవాలని, లోపల కూర్చోవడానికి నాలుగు బండలు వేయించాలని, మరుగుదొడ్డికి వేసిన తాళం తీయించాలని, వారానికి రెండు రోజులు వృద్ధులకు తగిన వ్యాయామం నేర్పే మనిషిని పంపాలని కోరాము. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి, అర్జీని వేరే కార్యాలయానికి పంపించామని చెప్పారు. మూడోసారి ఇచ్చిన కొన్ని రోజులకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని నా ఫోనుకు సందేశం వచ్చింది. దాన్ని నేను చదువుకున్నది తాళం వేసి ఉన్న ఆ గేటు ముందు నిలబడే. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే తప్పు ఒక గుమస్తాదో ఒక అధికారిదో అయితే మాట్లాడి సరిచేసుకునేవాళ్లం, బహిరంగ లేఖ దాకా వచ్చేవాళ్లం కాదు. ఒక ముసలి మనిషి నెలల తరబడి ఇంట్లోనే కూర్చుండిపోవడం కూడా ఒక సమస్యేనని రాసుకునే రిజిస్టరు ఏ శాఖలోనూ లేదు. అసలు లోపం అదే.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. ఈ లేఖ వాకింగుకు వెళ్లేవారి కోసం కాదు. తెల్ల బూట్లు వేసుకుని తెల్లవారకముందే చేతులూపుకుంటూ బయలుదేరేవాళ్లం, నాతో సహా, మా సంగతి మేము చూసుకోగలం. మాకు సంఘాలు ఉన్నాయి, పత్రికల్లో మా ఫొటోలు కూడా పడుతుంటాయి. ట్రాకులు వేయించమని, జిమ్ము సామాను పెట్టించమని అడిగే గొంతు కూడా మాకే ఉంది కాబట్టి, వృద్ధుల కోసమని ఖర్చయ్యే డబ్బు చాలావరకు ఎలాగూ నడిచేవాళ్ల దగ్గరికే చేరుతోంది. మోకాళ్ల నొప్పితో, కుక్కల భయంతో, చెవులు వినబడక, తోడు లేక, పిలిచేవాళ్లు లేక, మంచానికీ టీవీకీ మధ్య రోజు వెళ్లదీస్తున్నవారికి అడిగే గొంతు లేదు. వారి తరఫునే ఇది రాస్తున్నాను.

కడప అన్న పేరు ‘గడప’ నుంచి వచ్చిందని, తిరుమల వెంకటేశ్వరునికి ఇది తొలి గడప అని మన పెద్దలు చెప్పుకుంటారు. ఈ గడపల ఊరికి ప్రభుత్వం నిజంగానే గడప దాకా వచ్చింది. 2020 నుంచి పింఛను ఇంటి దగ్గరే చేతికిస్తున్నారు, 2024 జూలై నుంచి ఆ వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలయింది, 65 ఏళ్లు దాటినవారికి రేషను సరుకులు కూడా ఇంటికే చేర్చే ఏర్పాటు చేశారు. ఇవి మంచి పనులు. వేలిముద్ర పడక ఎండలో గంటలకొద్దీ నిలబడిన ముసలివాళ్లను చూసినవాణ్ణి కాబట్టి, వీటిలో దేన్నీ ఆపమని నేను కోరను. అయితే పింఛనుకని, బియ్యానికని, కుళాయి నీళ్లకని బయటికి వెళ్లే రోజుల్లో ఆ వంకతోనే నాలుగు అడుగులు పడేవి, వరుసలో నిలబడ్డప్పుడు నలుగురితో నాలుగు మాటలు కలిసేవి. కష్టాన్ని తీసేస్తూ, దాంతోపాటు గడప దాటే కారణాన్ని కూడా తెలియకుండానే తీసేశాము. ఆ కారణాన్ని మర్యాదగా, హాయిగా ఉండే మరో రూపంలో తిరిగి ఇవ్వమన్నదే నా విన్నపం. ఇవ్వకపోతే సామాన్యుల ఇళ్లలో ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. కాళ్లలో సత్తువ మనం అనుకున్న దానికంటే తొందరగా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వృద్ధులను పది రోజుల పాటు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్ల కండ దాదాపు ఒక కిలో కరిగిపోయిందని 2007లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మన ఇళ్లలో విషజ్వరం వచ్చిన పెద్దాయన పదిహేను రోజులు పడుకుంటాడు, ఆ తర్వాత ‘నీరసంగా ఉన్నాడులే’ అని ఇంటివాళ్లే ఇంకో నెల పడుకోబెడతారు. జ్వరం ఎప్పుడో తగ్గిపోతుంది. ఆయన మాత్రం స్నానాల గదికి కూడా గోడ పట్టుకుని పోయే స్థితికి వస్తాడు, దాన్నే అందరూ వయసు మీద పడటం అంటారు.

2. అలా గోడ పట్టుకుని నడిచేవారే పడిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది కిందపడటం వల్ల చనిపోతున్నారు. ప్రమాదాల వల్ల కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, వారిలో ఎక్కువమంది 60 దాటినవారు. చనిపోనివారి కథ ఇంకా పొడుగు. తుంటి ఎముక విరిగిన అవ్వకు జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే పథకం కింద ఆపరేషను జరిగిందనే అనుకుందాం. మంచం పక్కన ఉండే మనిషి కూలిని ఏ పథకమూ ఇవ్వదు. మా వెనుక వీధిలో ఒక కోడలు బట్టల దుకాణంలో పని మానేసింది, మరో ఇంట్లో కొడుకు కువైట్‌లో ఉద్యోగం వదిలి వచ్చేశాడు. అవ్వ ఒక్కసారి జారితే ఇంటిల్లిపాది సంపాదన జారింది.

3. ఒంటరితనాన్ని మనం జబ్బుగా లెక్కపెట్టం. పిల్లలు కువైట్‌లోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉంటారు. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ వస్తుంది, ‘అన్నం తింటివా, మాత్ర వేసుకుంటివా’ అన్న రెండు ప్రశ్నలతో అది అయిపోతుంది. ఒకప్పుడు నేను మనియార్డరు ఇచ్చిన అవ్వనే ఒకరిని, గుడి దాకా నాతో వస్తావా అని అడిగితే, ‘ఎందుకు పోవల్ల నాయనా, యాడ ఎవురున్నారని పోవల్ల?’ అంది. నాలుగు రోజులుగా మనిషితో మాట్లాడలేదని ఆమె మాటల మధ్యలో తెలిసింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దాని ప్రభావం ఏటా సుమారు 8,71,000 మరణాలతో ముడిపడి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. మతిమరుపు జబ్బుపై లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో, మనం ప్రయత్నిస్తే తగ్గించగల కారణాలు 14 అని లెక్కగట్టింది. ఒళ్లు కదలకపోవడం, మనుషులకు దూరమవడం, వినికిడి తగ్గడం మూడూ అందులో ఉన్నాయి. చెవి వినబడని మనిషి సభకు పోడు, పోనివాణ్ణి ఎవరూ పిలవరు, పిలుపు రానివాడు మంచం మీంచి లేవడు. మూడు కారణాలూ ఒకే మంచం మీద కలుస్తాయి.

4. ఆడవారి పరిస్థితి ఇంకా కష్టం. మగవాళ్లకు టీ బంకు ముందు నిలబడే హక్కయినా ఉంది. అవ్వ పార్కులో కూర్చుంటే ‘ఇంట్లో ఎవరూ చూడటం లేదేమో’ అని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారని ఆమెకు భయం. ముస్లిం ఇళ్లలోని నానీలకు దర్గా తప్ప వేరే చోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, దానికి కృతజ్ఞతలు. కానీ బస్సు మొదటి మెట్టు చాలాసార్లు మోకాలికి పైనే ఉంటుంది, ఆగే చోట నీడ ఉండదు, కూర్చునే బండ ఉండదు, మెట్టు మీద రెండో కాలు పడకముందే బస్సు కదులుతుంది. టికెట్టు లేకపోయినా ఎక్కలేని బస్సు ఎక్కలేనిదే.

5. షుగరుకు, బీపీకి రాసే ప్రతి చీటీ మీద డాక్టరు ‘రోజూ నడవాలి’ అని చెబుతారు. ఎక్కడ నడవాలో, ఎవరితో నడవాలో ఏ చీటీ మీదా ఉండదు.

ఇక పరిష్కారం. ఉపన్యాసాల వల్ల కాళ్లు కదలవన్నది ఇప్పటికే పరీక్షకు నిలిచిన విషయం. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య వయసున్న, పెద్దగా కదలని 1,635 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆరోగ్యం మీద తరగతులు చెప్పారు, రెండో భాగం చేత దగ్గరుండి నడిపించి, కాళ్ల బలానికీ నిలకడకూ వ్యాయామం చేయించారు. సగటున రెండున్నరేళ్లకు పైగా గమనించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. 400 మీటర్లు, అంటే స్టేడియం ట్రాకు మీద ఒక్క చుట్టు, నడిచే శక్తి కోల్పోయినవారు తరగతులు విన్నవారిలో 35.5 శాతం, నడిపించినవారిలో 30.1 శాతం. ఈ తేడా చిన్నదని కొట్టిపారేయకండి. సుమారు ప్రతి ఇరవై మందిలో ఒకరు ఆ నడక పోగొట్టుకోకుండా ఉండటం ఆ ఒక్కరి ఇంటికి ఎంతో పెద్ద సంగతి. మన దగ్గర అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి శాలువా కప్పి, ఉపన్యాసం వినిపించి, పులిహోర పొట్లం ఇచ్చి పంపిస్తున్నాము. పులిహోర మీద నాకు ఫిర్యాదు లేదు.

మా డిమాండ్లలో మొదటిది పైసా ఖర్చు లేనిది. ప్రతి నెలా ఒకటో తేదీన పింఛను ఇవ్వడానికి వార్డు సచివాలయ ఉద్యోగి వృద్ధుని ఇంటికి వెళ్తారు. వీధిలో ఏ ఇల్లు ఎలా ఉందో ఈరోజు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఒకప్పుడు ఆ స్థానం మా పోస్ట్‌మ్యాన్లది. ఆ ఐదు నిమిషాల్లో రెండే ప్రశ్నలు అడిగించండి: గడిచిన వారంలో ఎన్నిసార్లు గడప దాటారు, ఇంటివాళ్లు కాక ఎవరితో మాట్లాడారు? సమాధానాలను రాసుకుని వార్డు ఆరోగ్య కార్యకర్తకు అందజేయించండి. మూడు నెలల్లో, ఏ వీధిలో ఎవరు లోపలే ఉండిపోయారో మీ బల్ల మీదే జాబితా ఉంటుంది. పింఛను రానివారి ఇళ్లకు ఆశా కార్యకర్తలు వెళ్లినప్పుడు ఇవే ప్రశ్నలు వేయవచ్చు, వారికి దానికి తగిన పారితోషికం ఇవ్వాలి.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, తోడు. పార్కు కట్టి రమ్మంటే రానివారు, తెలిసిన మనిషి ఇంటికి వచ్చి ‘పద పోదాం’ అంటే వస్తారు. ఇంగ్లండ్‌లో ‘ఏస్’ అనే కార్యక్రమంలో ఇదే పద్ధతిని అనుసరించారు. శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త, తరచుగా తానూ పెద్ద వయసువారే, కదలని వృద్ధుని ఇంటికి వెళ్లి, ఆయనకు ఏది ఇష్టమో కనుక్కుని, మొదటి కొన్నిసార్లు చెయ్యి పట్టుకున్నట్టుగా వెంట వెళ్తారు. ఆ తర్వాత ఆయన తనంతట తానే వెళ్లేలా పక్కకు తప్పుకుంటారు. మన నగరంలో 60 నుంచి 70 ఏళ్ల లోపు, ఒంట్లో శక్తి ఉండి ఏం చేయాలో తోచని విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, నర్సులు ఎందరో ఉన్నారు. వార్డుకు పదిమందిని ఎంపిక చేసి, పోలీసు విచారణ జరిపించి, గుర్తింపు కార్డు ఇచ్చి, ఫిజియోథెరపిస్టు చేత రెండు రోజుల శిక్షణ ఇప్పించండి. ఆడవారికి ఆడవారినే తోడుగా పంపాలి. గుండెనొప్పి, ఆయాసం, తలతిరగడం ఉన్నవారిని ముందుగా డాక్టరుకు చూపించాలన్న నియమం కూడా తప్పనిసరిగా ఉండాలి.

తోడు వెళ్లి చేరేది ఎక్కడికన్నది మూడో సంగతి. ఉద్యానాల గేట్లు ఏడాది పొడవునా ఉదయం ఐదున్నరకు తెరవాలి, ఎందుకంటే మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక ముసలివాళ్లను బయటికి పంపడం ప్రమాదం. వేసవిలో నీడన, ఫ్యాను కింద కూర్చునేందుకు మున్సిపల్ పాఠశాలల గదులో, గ్రంథాలయాల కింది అంతస్తులో ఉదయం పూట ఇవ్వండి. మరుగుదొడ్డి తెరిచి ఉండని చోటుకు షుగరు ఉన్న వృద్ధులు రారు, ఈ మాటను రెండోసారి రాయవలసి రావడం బాధగా ఉంది. గుడికి, దర్గాకు, మార్కెట్టుకు వెళ్లే దారుల్లో ప్రతి రెండు వందల మీటర్లకు ఒక కూర్చునే బండ కావాలి. దానికి ఫైబరు బెంచీలు, టెండర్లు ఎందుకు? దేశమంతా వంటిళ్లలో పరుచుకునే కడప బండ మన యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లోనే దొరుకుతోంది. చెట్టు నీడన, వెనుక ఆనుకోవడానికి ఒక పలక, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఇరువైపులా ఒక కమ్మీ పెడితే చాలు. తెల్లవారుజామున వీధికుక్కల గుంపులు ఉండే చోట్ల కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేపట్టి పూర్తి చేయండి. కర్ర లేకుండా బయటికి రాలేమని మా వీధి పెద్దలు చెప్పేది కాళ్ల కోసం కాదు, కుక్కల కోసం.

అక్కడికి చేరాక ఏం చేయాలి? 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చేయాలని, దాంతోపాటు పడిపోకుండా ఉండేందుకు వారానికి కనీసం మూడు రోజులు నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినా మేలేనని కూడా చెప్పింది. నిలకడ పెంచే వ్యాయామం అంటే కొత్త విద్య ఏదో తేనక్కరలేదు. మన చెక్కభజనలో, కోలాటంలో ముందుకు రెండు అడుగులు, పక్కకు ఒకటి, తిరిగి వెనక్కు, పైగా పాట గుర్తుంచుకుంటూ పక్కవాడి అడుగుతో అడుగు కలపడం, ఇవన్నీ నిలకడ కసరత్తులే. పల్లెల నుంచి నగరానికి వచ్చి కొడుకుల ఇళ్లలో ఉంటున్న పాత భజన గురువులు ఇప్పటికీ ఉన్నారు. వారిని పిలవండి, వేగం తగ్గించి నేర్పమనండి, కూర్చుని ఆడగలిగినవారిని కూర్చోబెట్టి చెక్కలు చేతికివ్వమనండి. పక్కన ఒక ఫిజియోథెరపిస్టు ఉండి ఎవరికి ఏది తగదో చూసుకుంటే చాలు. జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికొక రోజు వృద్ధుల క్లినిక్కు జరపాలని 2010-11 నుంచే నియమం ఉంది. అది ఏ కేంద్రంలో ఏ రోజు జరుగుతుందో బోర్డు మీద రాయించి, అదే రోజు వినికిడి, చూపు పరీక్ష కూడా చేయించండి. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు దేవుని కడప గుడికి వచ్చి స్వామికి మొక్కుకునే ఊరు మనది. ఇక్కడ వృద్ధుల బృందాలను కులం వారీగా, మతం వారీగా కాక వీధుల వారీగా ఏర్పాటు చేయడం కష్టం కాదు.

ఆర్టీసీవారిని కోరేది ఒక్కటే: తెల్ల వెంట్రుకలు కనబడితే రెండో కాలు కూడా లోపలికి వచ్చేదాకా బస్సు కదపవద్దని డ్రైవర్లకు, కండక్టర్లకు లిఖితపూర్వకంగా చెప్పండి. 2020 మార్చిలో ఆపేసిన రైల్వే రాయితీ కేంద్రం పరిధిలోనిదని తెలుసు. కూతురి ఊరికి పోయిరావడం కూడా ముసలివారికి వ్యాయామమే, సాంగత్యమే కాబట్టి, దాన్ని తిరిగి ఇప్పించమని జిల్లా నుంచి ఒక లేఖ రాయవచ్చు.

అధికారులను ఇంతగా అడిగి ఇంటివాళ్లను వదిలేస్తే అన్యాయమవుతుంది. ‘నువ్వు కూర్చో అమ్మా, అన్నీ మేము చూసుకుంటాం’ అనడం మనకు ప్రేమ. పెద్దలు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం ఇంటికి గౌరవం. నేను కూడా మా అమ్మను ఇలాగే కూర్చోబెట్టాను, చివరికి రెండేళ్లు లేవలేకపోయింది. చిక్కుడుకాయలు వలవడం, పూలు కట్టడం, మూడిళ్ల అవతలికి పోయి పెరుగు తేవడం వారి చేతుల్లోంచి లాక్కోకండి. సాయంత్రం మీరు వాకింగుకు పోయేటప్పుడు మీ వేగం మానుకుని, వారానికి రెండు రోజులు వారి వేగంతో నడవండి.

రాష్ట్రంలో వృద్ధుల పాలు పెరుగుతోందని పాలకులే హెచ్చరిస్తున్నారు, ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు దూరంగా ఉంచిన నిబంధనను 2024లో రద్దు కూడా చేశారు. రేపటి పిల్లల గురించి ఆలోచించడం మంచిదే. ఈలోగా ఇప్పటికే ముసలివాళ్లమైన మా గురించి పై కోరికల్లో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. నగరంలోని ఒక వార్డులోనైనా ఆరు నెలలు ప్రయోగంగా మొదలుపెడితే, తోడుగా వెళ్లడానికి మా వీధి నుంచి తొమ్మిది మంది సిద్ధంగా ఉన్నారు. వారిలో నలుగురు ఆడవారు. పేర్లు, వయసులు మీరు అడిగిన రోజున అందజేస్తాము.

సమాధానాన్ని ఫోను సందేశంగా కాక, సంతకంతో కాగితం మీద పంపమని ప్రార్థన. మా చిరునామా మూడు అర్జీల మీదా ఉంది. మా వీధికి ఇప్పటికీ పోస్ట్‌మ్యాన్ వస్తాడు.

ఇట్లు,
మా వీధి పెద్దల తరఫున,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
కడప